పదకొండు గంటల నకలు

రూత్ పాస్‌వర్డును ఎక్కడా రాసుకునే మనిషి కాదు. గోదాములో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. అందరి చెవుల్లోనూ ఇల్లు కట్టుకుని మరీ చెప్పింది గనక. బిల్లుల గుమస్తా తన పాస్‌వర్డును పసుపు చీటీ మీద రాసి కంప్యూటరుకే అంటించుకుంటే, ఆ చీటీ పీకి నలుగురి ముందూ అతని చేతిలోనే పెట్టింది. ఇంకొకాయన కూతురి పేరు రాసి పక్కన ఒకటి, రెండు, మూడు చేర్చుకుంటే, ఆ పిల్ల పుట్టినప్పుడు మీరు పంచిన పేడా నేనూ తిన్నాను, అది రహస్యమెట్లా అవుతుందని నిలదీసింది. భివండిలో అంజూర్ ఫాటా దగ్గరి ఆ గోదాములోకి వచ్చే సరుకు, పోయే సరుకు, గేటు దాటి లోపలికొచ్చే మనిషి, బయటికి పోయే మనిషి, అన్నిటి లెక్కా కంప్యూటరులో ఒకే డేటాబేసులో చేరుతుంది. అందులో ఏ వరుసనైనా రాయగలిగే, చెరపగలిగే పెద్ద ఖాతా ఒక్కటే ఉంది. ఎనిమిదేళ్ళుగా ఆ ఖాతా తాళం రూత్ ఒక్కతె దగ్గరే ఉంటోంది.

అలాంటి రూత్‌కు సోమవారం పొద్దున పదింటికి హెడ్డాఫీసు నుంచి పూనం ఫోను చేసింది. అన్ని గోదాముల కంప్యూటర్లలో ఎవరేం చేశారో నెలకోసారి తిరగేసి చూడటం పూనం పని. పోయిన గురువారం పదకొండూ నలభైరెండుకు మీ పెద్ద ఖాతా నుంచి గేటు లెక్కలో ఒక వరుస చెరిపేశారు, అంది. చెరిపింది సరుకు పంపే బల్ల దగ్గరి కంప్యూటరు నుంచి. అంతకు ముందు రెండుసార్లు పాస్‌వర్డు తప్పు కొట్టారు, మూడోసారికి తెరుచుకుంది. ఆ రోజు మీరు సెలవులో ఉన్నారు. మరి పాస్‌వర్డు ఎవరికిచ్చారు?

ఎవరికీ ఇవ్వలేదంది రూత్. అలాగైతే సెలవు రోజున వచ్చి మీరే చెరిపారని అనుకోవాలి, ఈ రెంటిలో ఏదో ఒకటి సాయంత్రం ఐదులోపు రాసి పంపండి, అంది పూనం. కోపంగా ఏమీ అనలేదు. చెరిపింది ఎవరి వరుస అని రూత్ అడిగింది. పూనం ఒక నంబరు చదివింది. అది ఎవరి నంబరో వెతుక్కోవలసిన అవసరం రూత్‌కు లేకపోయింది.

ఫోను పెట్టేసి టీ తాగింది. అది ఎప్పుడో చల్లారిపోయింది, తాగింది. పన్ను పీకే ముందు సూది వేస్తే చెంప మొద్దుబారుతుంది చూడండి, గురువారం నుంచి రూత్‌కు ఒళ్ళంతా అలాగే ఉంది. ఏడవాలని తెలుసు, ఏడుపు రావడం లేదు. గుండె దడదడలాడాలని తెలుసు, ఆడటం లేదు.

ఆ నంబరు కనుకయ్యది. కనుకయ్య వాళ్ళ గల్లీ మనిషే. సెంటు భూమి లేక ఊరు విడిచి వచ్చి, భివండిలో ఇరవై ఏళ్ళు కూలికి సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపాడు. ఆ సాంచాల షెడ్డు మూతపడ్డాక గోదాములో హమాలీగా చేరాడు. చేర్పించింది రూత్ తమ్ముడు షాలేమే. షాలేమ్ అక్కడ సూపర్వైజరు. గురువారం పొద్దున కనుకయ్య ఎత్తైన ఇనుప అరల మీదికెక్కి బట్టల థాన్లు దించుతుంటే అరలు ఒరిగి కింద పడ్డాడు. థాన్లు మీద పడ్డాయి. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఆ రోజు రూత్ కంటి పరీక్షకని తల్లి శారమ్మను కళ్యాణ్ తీసుకుపోయింది. సాయంత్రం ఆటో దిగేసరికి గల్లీ నిండా జనం ఉన్నారు.

అంతటితో పోయిందా అంటే పోలేదు. కనుకయ్య అసలా రోజు పనిలోనే లేడనీ, వెనక గోడ దూకి థాన్లు ఎత్తుకుపోవడానికి వచ్చి పడ్డాడనీ, గేటు లెక్కలో అతని పేరే లేదనీ కంపెనీవాళ్ళు పోలీసు కాగితాల్లో రాయించారు. చచ్చినవాణ్ణి పట్టుకుని ఆ మాట ఎలా అన్నారో, వాళ్ళ నోళ్ళు పడిపోను. శుక్రవారం దహనమయ్యాక కనుకయ్య భార్య ఓదెమ్మ, తడి బట్టలు ఆరకముందే రూత్ వాళ్ళ గడప దగ్గరికొచ్చి నిలబడింది. కంపెనీ ఏమిస్తుంది, ఎంతిస్తుంది అనే ఊసే ఎత్తలేదు.

"ఆయన పనికే పోయిండని ఒక్క కాయితం తీసియ్యి చెల్లె," అంది. "దొంగ పెండ్లం అంటున్నరు నన్ను."

శనివారం రూత్ గేటు లెక్క తెరిచింది. పేరుతో వెతికింది, నంబరుతో వెతికింది, తేదీతో వెతికింది. లేదు. గంటగంటకూ డేటాబేసు నకలు ఒకటి దానంతటదే పక్కన పడుతుంటుంది, ఆ నకళ్ళు కూడా తీసి చూడవచ్చు. చూడాలని ఆమెకు తోచలేదు. ఎందుకు తోస్తుంది? తాళం తన దగ్గరుండగా లోపల ఎవరు వేలు పెడతారు? లేదంటే లేనట్టే అనుకుంది. ఆ మధ్యాహ్నమే ఓదెమ్మ ఉండే ఒంటిగది ఖోలీకి పోయి, కంప్యూటర్ల లేదక్కా, అని చెప్పి వచ్చింది. ఓదెమ్మ కాసేపు ఆమె ముఖంలోకే చూసి, సరేనని లోపలికి పోయింది. కంపెనీ అన్నప్పుడు నమ్మనిది, రూత్ అంటే నమ్మింది.

ఇక ఆ తాళం సంగతి చెప్పుకోవాలి. కంపెనీ రూలు ప్రకారం పాస్‌వర్డులో ఒక పెద్ద అక్షరం ఉండాలి, చిన్న అక్షరాలుండాలి, అంకెలుండాలి, చుక్కో గీతో ఏదైనా ఒక గుర్తుండాలి. మూడు నెలలకోసారి మార్చాలి. పాతది మళ్ళీ వాడకూడదు, ఎక్కడా రాసుకోకూడదు. ఈ రూళ్ళు రాసిన మహానుభావుడు మనుషులకు ఎలాంటి బుర్ర ఉంటుందనుకున్నాడో గానీ, అందరూ తల పట్టుకునేవాళ్ళు. రూత్‌కు మాత్రం ఏనాడూ ఇబ్బంది రాలేదు.

వాళ్ళ చర్చిలో జనవరి ఒకటిన ఆరాధన అయ్యాక పాస్టరుగారు వాగ్దాన కార్డుల బుట్ట తిప్పుతారు. కళ్ళు మూసుకుని తీసుకోవాలి. ఎవరి చేతికి ఏ వాక్యం వస్తే అది ఆ ఏడాదంతా వాళ్ళకు దేవుడిచ్చిన మాట. వాక్యం కింద అది ఎక్కడిదో ఉంటుంది: పుస్తకం పేరు, అధ్యాయం అంకె, మధ్యలో నిలువుగా రెండు చుక్కలు, వచనం అంకె. కంపెనీ అడిగినవన్నీ అందులోనే ఉన్నాయి. ఆ తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి అంకెలు చేరిస్తే సరి. వాళ్ళింట్లో కార్డులు నాలుగు. తండ్రి సుందర్‌రాజు పోయి మూడేళ్ళయినా శారమ్మ ఆయన పేరున కూడా ఒకటి తీస్తుంది. అదెలా కుదురుతుందమ్మా అని పాస్టరుగారు మొదట్లో అన్నారు గానీ శారమ్మ ముందు ఆయన మాట సాగలేదు. నాలుగు కార్డులు, ఏడాదికి నాలుగు పాస్‌వర్డులు. జనవరిలో నాన్నది, ఏప్రిల్లో అమ్మది, జూలైలో తనది, అక్టోబరులో తమ్ముడిది.

చర్చిలో ఎవరి వాగ్దానం వాళ్ళు లేచి పైకి చదువుతారు. తరువాత దానికి చట్రం కట్టించి వచ్చేపోయేవాళ్ళకు కనబడేలా గోడకు తగిలిస్తారు. ఇదంతా రూత్‌కు తెలియనిదేం కాదు. అయినా పాస్‌వర్డు ఎక్కడా రాయలేదనే ఎనిమిదేళ్ళూ అనుకుంది. దైవవాక్యాన్ని ఎవరు దొంగిలిస్తారని కూడా అనుకుని ఉంటుంది. పిచ్చిది.

ఇది నవంబరు. గురువారం నాటి పాస్‌వర్డు షాలేమ్ వాగ్దానం. రెండు తప్పులు, మూడోది ఒప్పు. ఆ పుస్తకం పేరు ఇంగ్లీషులో ఎలా కొట్టాలో తడుముకున్నవాడు ఎవడో రూత్‌కు అర్థమైంది. అర్థమైనా లోపల ఏదీ కదల్లేదు. భోజనాల గంట కొట్టాక అందరితోపాటు లేచి చేతులు కడుక్కుంది.

మేనేజరు తన గదిలోకి పిలిచాడు. హెడ్డాఫీసు వాళ్ళు ఆయనకూ ఫోను చేశారట. కుర్చీ చూపించి, నీళ్ళు తెప్పించి, చాలా మర్యాదగా మాట్లాడాడు. ఏముందమ్మా, తప్పు వరుస ఒకటి పడింది, సెలవులో ఉండి ఫోనులో చెప్పి తీయించాను అని రెండు ముక్కలు రాసెయ్, మిగతాది పైవాళ్ళతో నేను చూసుకుంటాను, నీ ఉద్యోగానికీ ఢోకా లేదు, నీ తమ్ముడికీ ఢోకా లేదు, అన్నాడు. రూత్ నీళ్ళు తాగింది. తమ్ముడి పేరు తాను ఎత్తనే లేదు.

ఆటో ఎక్కి ఇంటికి పోయింది. జ్వరమని షాలేమ్ శుక్రవారం నుంచి పనికి పోవడం లేదు. దహనానికీ, ఓదెమ్మకు టీ ఇచ్చి రావడానికీ మాత్రం లేచి వెళ్ళాడు. పాడె కట్టింది అతనే, ముందువైపు భుజం పట్టిందీ అతనే. ఇప్పుడు గోడవైపు తిరిగి ముసుగు పెట్టుకుని పడుకున్నాడు. రూత్ చెప్పులు విప్పి మంచం పట్టె మీద కూర్చుంది. తిట్టాలని దారంతా అనుకుంది, తిట్లు రాలేదు. పూనం చెప్పినది చెప్పినట్టు చెప్పింది.

షాలేమ్ ముసుగు తీశాడు. దాచడానికి ప్రయత్నించలేదు, పాపం. థాన్లు దించే బండి బ్యాటరీ ఆగిపోయిందట. లారీ నిలబడి ఉందట. రెండు నిమిషాల పని, జర ఎక్కు బావా అని కనుకయ్యను ఎక్కించింది తనేనట. బెల్టు లేదు, తాడు లేదు. కనుకయ్యను లారీలో వేసి పంపాక మేనేజరు పక్కకు పిలిచి, గేటు లెక్కలో పేరుంటే ఎక్కించినవాడు జైలుకు పోతాడు, లేకపోతే ఎవరికీ ఏమీ కాదు, మీ అక్క ఖాతా ఉంది కదా, అన్నాడట. అప్పటికి కనుకయ్య బతికే ఉన్నాడనుకున్నాడట. అతను దొంగ అవుతాడని మాత్రం అనుకోలేదట.

"నీకు పాస్‌వర్డు ఎట్ల తెల్సుర?" అంది రూత్.

"నువ్వు ఇంట్ల పని చేసెటప్పుడు గోడ దిక్కు చూసి కొడ్తవు గద అక్కా." పిల్లవాడిలా అన్నాడు. "నా వాక్యమే గద. వేరెటోళ్లది తియ్యలె."

శారమ్మ వంటగట్టు దగ్గర నిలబడి అంతా వింటోంది. కంట్లో వేసిన మందుకు ఒక కన్ను ఎర్రగా ఉంది. ఆమెకు ఇదంతా ముందే తెలుసో, అప్పుడే తెలిసిందో రూత్ అడగలేదు. నువ్వే వచ్చి చెప్పరా, నేను వెంట ఉంటా, అని తమ్ముణ్ణి అడిగింది. రెండోసారీ అడిగింది. షాలేమ్ మళ్ళీ గోడవైపు తిరిగాడు. దుప్పటి కింద వీపు వణుకుతోంది.

శారమ్మ దగ్గరికొచ్చి కూతురి చేయి పట్టుకుంది. మేనేజరు రాయమన్నది రాసెయ్యమంది. ఓదెమ్మ ముగ్గురు పిల్లల పెళ్ళిళ్ళయేదాకా ఆమెను మనం చూసుకుందాం, నా గాజులున్నాయి, అంది. వాడొక్కడే కదా మనకు మిగిలిన మగదిక్కు, అంది. బతిమాలింది. ఎన్నడూ ఎవర్నీ బతిమాలని మనిషి.

"కనుకయ్య బావ దొంగ అని చెప్పింది కంపెనీ కాదమ్మా," అంది రూత్. "కంప్యూటర్ల లేదని నేను చెప్పిన. నా నోటితోని."

తల్లి చేయి వదిలేసింది. రూత్ చెప్పులు వేసుకుంది. గల్లీ మొదట్లో ఆటో దొరకడానికి పది నిమిషాలు పట్టింది.

మూడు గంటలకు తన కుర్చీలో కూర్చుని ముందు పాస్‌వర్డు మార్చింది. కొత్తది అడిగిన గడిలో నిలువు గీత మెరుస్తుంటే ఆమె తల దానంతటదే పైకి లేచింది. ఎదురుగా ఉన్నది గోదాము గోడ. దాని మీద నిప్పు అంటుకుంటే ఏ తలుపు నుంచి పోవాలో చూపే పటం ఒకటి ఉంది. కళ్ళు దించుకుని, చేతికొచ్చిన మీటనల్లా కొట్టింది, అర్థం పర్థం లేని ఇరవై అక్షరాలు. అది గుర్తుండే మాట కల్ల. అందుకని తెల్లకాగితం మీద అక్షరమక్షరం రాసి, కవరులో పెట్టి అంటించి, పైన పూనం పేరు రాసింది. పక్క బల్ల గుమస్తా అది చూసి నోరు తెరిచాడు గానీ, ఆమె ముఖం చూసి మూసుకున్నాడు.

తరువాత గురువారం నకళ్ళు తీసింది. పన్నెండు గంటల నకలులో కనుకయ్య లేడు. పదకొండు గంటల నకలులో ఉన్నాడు. నంబరు, పేరు, తేదీ, లోపలికి వచ్చిన సమయం ఏడూ యాభైరెండు. ఎనిమిదింటి పనికి ఎనిమిది నిమిషాల ముందే వచ్చాడు. బయటికి పోయిన సమయం ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది.

ఆ పేజీని రెండు కాపీలు అచ్చు తీసింది. పూనంకు జవాబు రాసింది. పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వలేదనీ, అయినా అది తమ ఇంటి గోడ మీద నాలుగు చట్రాల్లో వేలాడుతోందనీ, తప్పు తనదేననీ రాసింది. వరుస చెరిపింది తన తమ్ముడనీ, చెరపమన్నది మేనేజరనీ, అరల మీదికి కనుకయ్యను ఎక్కించింది కూడా తమ్ముడేననీ రాసింది. షాలేమ్ పేరు దగ్గర వేళ్ళు ఆగాయి. ఆగి, కొట్టాయి. నాలుగూ నలభైకి పంపింది. ఐదింటికి మేనేజరు తలుపు దగ్గరికొచ్చి, ఈసారి కుర్చీ చూపించకుండా, బ్యాగు తీసుకుని పొమ్మన్నాడు. ఆమె అప్పటికే సర్దుకుంది.

పొద్దు గుంకుతుండగా ఓదెమ్మ ఖోలీకి చేరింది. నిండా వారం కాకపోయినా ఓదెమ్మ ముందు కుట్టిన చొక్కాల గుట్ట ఉంది. వేలాడే దారాలు కత్తిరించి ఇస్తే ముక్కకింతని వస్తుంది. చాప మీద కూర్చుని కత్తిరిస్తోంది. రూత్‌ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. రూత్ ఎదురుగా కూర్చుని కాగితం తీసిచ్చింది.

"ఇందుల ఉన్నడక్కా," అంది. "మొన్న నేను సరిగ చూడలె. పనికే వచ్చిండు."

ఓదెమ్మకు చదువు రాదు. ఆయన పేరు ఏది అని అడిగింది. రూత్ చూపించింది. ఓదెమ్మ ఆ పేరు మీద వేలు పెట్టి, తీయకుండా, పక్కనున్న అంకె ఏందని అడిగింది. వచ్చిన టైం అని రూత్ చెప్పింది. ఆ పక్కన ఏమీ లేదేందని అడిగింది. అది ఇంటికి పోయే టైమని చెప్పింది. ఓదెమ్మ తలూపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

"మరి ఎవలు తీసేసిండ్రు?"

దారి పొడుగునా రూత్ భయపడింది ఈ మాటకే. కంపెనీవాళ్ళు అంటే సరిపోతుంది. ఆ మాటా అబద్ధం కాదు. పూనంకు రాసింది ఓదెమ్మకు ఈ రోజుకు తెలియకపోయినా ఫరవాలేదు, కోర్టులోనో స్టేషన్లోనో ఎప్పుడో తెలుస్తుంది. కాగితం మీదున్న వేలు అలాగే ఉంది. గోరు కింద నల్లగా మషీను నూనె ఉంది.

"మా షాలేమ్," అంది రూత్. "రాక్ మీదికి ఎక్కుమన్నది గూడ వాడే."

ఓదెమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. గల్లీ చివర సాంచాల మోత వినబడుతోంది.

"పాడె పట్టిండు గద," అంది ఓదెమ్మ. రూత్‌తో అన్నట్టు లేదు. "మూడొద్దులు టీ తెచ్చిచ్చిండు."

రూత్ ఏదో చెప్పబోయింది. వాడు భయపడ్డాడని, బావ బతికే ఉన్నాడనుకున్నాడని, దుప్పటి కింద వణుకుతున్నాడని. మాటలకు బదులు వచ్చింది ఏడుపు. నాలుగు రోజులుగా ఎక్కడ దాక్కుందో, ఉన్నట్టుండి ఒక్క ఉదుటున వచ్చింది. తమ్ముడి కోసం, తాను పంపిన ఆ ఉత్తరం కోసం, రేపటి నుంచి తల్లి ముఖం ఎలా చూడాలా అని ఏడ్చింది. ఆ ఖోలీలో, ఆ మనిషి ముందు, తనవాళ్ళ కోసం ఏడుస్తున్నందుకు సిగ్గు ముంచుకొచ్చింది. సిగ్గుపడుతూనే వంగి, చాప మీద తల పెట్టి ఏడ్చింది.

ఓదెమ్మ ఊరుకోబెట్టలేదు. కత్తెర కింద పెట్టి, రూత్ కన్నీళ్ళు పడకుండా కాగితాన్ని తన వైపుకు జరుపుకుంది.